తొమ్మిదో పాటలో ఖాళీ

మా అన్నయ్య తన జన్మలో ఒక్క కుర్చీ కూడా తయారు చేయలేదు. కానీ ఫర్నిచర్ షాపులో కుర్చీలు అమ్మినంత కాలం, ప్రతి కుర్చీనీ తనే చెక్కినట్టు దాని చేతుల మీద నిమురుతూ మాట్లాడేవాడు. మా పాటల విషయంలోనూ అంతే. పాడింది నలుగురం, నిమిరింది ఆయనొక్కడే.

బృందానికి ‘మఖమల్’ అని పేరు పెట్టిందీ ఆయనే. జాజ్ పాటలు పాడేవాళ్లం. నాలుగు గొంతులు నాలుగు వేర్వేరు వరసలు ఒకేసారి పాడాలి, వినేవాడికి మాత్రం ఒకే పెద్ద గొంతు వింటున్నట్టు ఉండాలి. మొదటి గొంతు అన్నయ్యది, అంటే జనం బజార్లో కూనిరాగం తీసుకునే వరస. అడుగు గొంతు దర్జీది. ఆయన మా వీధి చివర కోట్లు కుట్టేవాడు. మా స్టేజి కోట్ల కాలర్లకి మఖమల్ ముక్కలు వేసింది ఆయనే. బృందం మొత్తం మీద మఖమల్ ఉన్నది అక్కడే, అదీ మెడకి దురద పెట్టేది. రెండో గొంతు మా వదినది. మూడోది నాది.

ఈ రెండో గొంతూ మూడో గొంతూ ఎవరికీ పట్టవు. నా వరస విడిగా పాడితే పాటలా ఉండదు, ఎక్కం అప్పజెప్పినట్టుంటుంది. నాకది సరిపోయింది కూడా. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. తప్పు కనపడితే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టందే చెయ్యి ఊరుకోదు. మా ఇంట్లో సున్నా చుట్టాల్సిన మనిషి ఒకడు ఎప్పుడూ కళ్ల ముందే తిరుగుతుండేవాడు కాబట్టి నాకు పొద్దుపోని రోజంటూ లేదు.

నాకో గర్వం కూడా ఉండేది. మా పాటల్లో ప్రతి గొంతూ మధ్యమధ్య ఆగుతుంది. ఆగి, మళ్లీ ఎత్తుకోవాలి. ఆ ఎత్తుకునే స్వరం గాల్లోంచి పట్టుకోవాలి. చాలామంది పియానో వైపు చూస్తారు, లేకపోతే పక్కవాడి వైపు చూస్తారు. నేను ఎవరి వైపూ చూసేదాన్ని కాదు. తిన్నగా వెళ్లి స్వరం మీద కూర్చునేదాన్ని. “నాకు ఎవరూ స్వరం అందివ్వక్కర్లేదు” అని రేడియో ఇంటర్వ్యూలో చెప్పాను. రైళ్లో చెప్పాను, ఇంట్లో చెప్పాను, స్టాఫ్‌రూములో అడగనివాళ్లకి కూడా చెప్పాను.

మా రికార్డుల చరిత్ర చెప్పాలంటే పెద్ద సమయం పట్టదు. నాలుగు వచ్చాయి, ఐదోది రాలేదు.

మొదటి దానికి గది మధ్యలో ఒకే మైకు, చుట్టూ నలుగురం. పాట మొదలవగానే అన్నయ్య అరడుగు ముందుకి జరిగేవాడు. రికార్డింగు చేసే పెద్దాయన నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. అన్నయ్య గీత తొక్కాడు. అడ్డంగా కుర్చీ పెట్టారు. కుర్చీలు అమ్మేవాడికి కుర్చీ ఒక లెక్కా, పక్కకి జరిపి మరీ పాడాడు. ఆ రికార్డు వింటే ఒక మనిషి పాడుతుంటే పక్కింట్లో ముగ్గురు ఏదో మాట్లాడుకుంటున్నట్టుంటుంది.

రెండో దానికి కవరు మీద ఫోటో వేశారు. ఫోటోలో అన్నయ్య మోచెయ్యి వదిన ముఖాన్ని సగం మూసేసింది. నాది జడ ఒక్కటే పడింది. దర్జీ కోటు మాత్రం చక్కగా పడింది, ఆయనకి అదే పదివేలు.

మూడోది పన్నెండు పాటలది. అప్పుడే కొత్త స్టూడియో కట్టారు. పెద్ద మెషీన్, వెడల్పు టేపు, మనిషికో మైకు. ఎవరి గొంతు వాళ్ల దారిలో విడిగా టేపు మీదకి ఎక్కుతుంది, తర్వాత వాళ్లే కలుపుకుంటారు. అన్నయ్య ముందుకి జరిగినా ఇబ్బంది లేదన్నమాట. మనిషికీ మనిషికీ మధ్య చెక్క అడ్డాలు పెట్టారు. మొదటిరోజే వదిన పేచీ పెట్టింది.

“నాకు ఈ పెట్టెలో ఊపిరాడట్లేదండీ. మా ఇద్దరి మధ్య అడ్డం తీసేయండి,” అంది నన్ను చూపిస్తూ.

వదిన టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ఆపరేటరు. చెవులకి ఫోన్లు తగిలించుకుని రోజుకి ఎనిమిది గంటలు అగ్గిపెట్టెలాంటి గదిలో కూర్చునే మనిషికి, స్టూడియోలో ఊపిరాడదట. “ఎక్కడ లేని సుకుమారం ఇక్కడే పుట్టుకొచ్చింది,” అని అందరి ముందూ అన్నాను. వదిన నవ్వి ఊరుకుంది. అడ్డం తీసేశారు.

ఆ మూడో రికార్డుతోనే మాకు పేరొచ్చింది. అందులో మూడో పాట ‘తలుపు తీసి ఉంచు’. చివరికొచ్చేసరికి పాట బాగా పైకి వెళ్తుంది, అక్కడ నాలుగు గొంతులూ ఒక్కసారిగా మోగాలి. మోగవు. మూడే మోగుతాయి. మధ్యలో ఒక స్వరం ఉండదు, పాట సన్నబడి, ఎందుకో గుండె పట్టేసినట్టుంటుంది. పేపర్లో సంగీతం గురించి రాసే ఆయన ఒకడుండేవాడు, మెడకి మఫ్లరు లేకుండా ఒక్క వాక్యం రాయలేడు. “ఆ ఖాళీలో ఒక నగరం మొత్తం ఏడుస్తోంది” అని రాశాడు. అన్నయ్య ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఎవరు కనపడినా ఒకటే పాట: “ఆ ఖాళీ నేను కావాలనే పెట్టాను. ధైర్యం కావాలి దానికి.”

జరిగింది ఏమిటంటే, అక్కడ అన్నయ్యకి ఊపిరి చాలలేదు. నోరు తెరిచే ఉంది, లోపల్నుంచి ఏమీ రాలేదు. వదిన తన వరస వదిలేసి, ఎగిరి ఆయన స్వరం పట్టుకుని పాడేసింది. దాంతో వదిన ఉండాల్సిన చోటు ఖాళీ అయింది. పక్కనే నిలబడ్డాను కాబట్టి నాకు తెలుసు. ఏడ్చింది నగరం కాదు, మా అన్నయ్య ఊపిరితిత్తులు.

నాలుగో రికార్డుకి అన్నయ్య ముప్పై వయొలిన్లు పెట్టించాడు. అవి మమ్మల్ని మింగేశాయి, అన్నయ్యని మాత్రం మింగలేకపోయాయి. ఎవరూ కొనలేదు. ఐదోది మొదలుపెట్టిన నెలకి వదిన గొంతులో గడ్డ కనపడింది. ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దాంతోపాటు గొంతూ పోయింది. ఆ తర్వాత వదిన మాట్లాడితే కాగితం మీద కాగితం రుద్దినట్టుంటుంది, అంతే.

వదిన స్థానంలో ఒకరి తర్వాత ఒకరిని ఇద్దర్ని తెచ్చాడు అన్నయ్య. ఇద్దరూ చదువుకున్న పిల్లలు, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు పాడేవాళ్లు. వాళ్లు వచ్చాక పాట ఒక్కటీ నిలబడలేదు. నాకే ఎత్తుకునే చోట కాలు జారినట్టుండేది. “వీళ్లకి శ్రుతి లేదు, నన్ను కూడా పాడు చేస్తున్నారు,” అని ఇద్దర్నీ వెళ్లగొట్టేదాకా నిద్రపోలేదు. రెండో అమ్మాయి వెళ్తూ వెళ్తూ, “మీ ఇంట్లో రెండో గొంతంటే అసలు ఏం పాడాలో నాకు అర్థం కాలేదండీ,” అంది. తెలివితక్కువ పిల్ల అనుకున్నాను. బృందం మూతపడింది.

నలభై ఏళ్లు గడిచాయి. దర్జీ పోయి మూడేళ్లయింది. అన్నయ్యకి డెబ్భై ఆరు, జుట్టుకి ఇంకా రంగు వేస్తాడు. ఇంతలో కంపెనీవాళ్ల గోడౌన్లో ఆ మూడో రికార్డు టేపులు దొరికాయట, కొత్తగా శుభ్రం చేసి మళ్లీ వేస్తామని కబురు వచ్చింది. ఎవరి గొంతు ఎంత ఉండాలో మీరు కూడా వచ్చి చెప్పండి అన్నారు. అన్నయ్య ఆ రోజే కొత్త కోటు కుట్టించుకున్నాడు. ఎవరి చేత కుట్టించాడోగానీ, మా దర్జీ చూస్తే ఇంకోసారి పోయేవాడు.

నాకు మాత్రం ఒకటే ఆనందం. టేపు మీద ఎవరి గొంతు వాళ్లదే విడిగా ఉంది కదా. అంటే అన్నయ్య గొంతు ఒక్కటే వేసి వినొచ్చు. నలభై ఏళ్లుగా పర్సులో పెట్టుకు తిరుగుతున్న ఆ ఖాళీకి గాలి తీసేయొచ్చు. ఎర్ర పెన్నూ, ఒక నోటుపుస్తకమూ సంచిలో పెట్టుకున్నాను.

ముందురోజు సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చింది. “రేపు నేనూ వస్తాను,” అంది ఆ రాపిడి గొంతుతో.

“నువ్వెందుకు వదినా? ఆయన కోతలు వినడానికా? ఇంట్లో వినేవి చాలవా?”

“నా వరస వినాలి,” అంది. “మొదట్నుంచి చివరిదాకా. ఒక్క పాటైనా చాలు. నా గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు రావట్లేదు.”

ఎప్పుడూ నలుగురిలో కలిపి విన్నదే తప్ప, వదిన గొంతు విడిగా వదిన కూడా వినలేదు. రికార్డుల్లో ఆమె గొంతు ఉందని తెలుసు, నీళ్లలో ఉప్పు ఉందని తెలిసినట్టు. “వినిపిస్తాను వదినా, నాదీ పూచీ,” అన్నాను. చెప్పొద్దూ, అలా అంటున్నప్పుడు కూడా నా మనసు సగం అన్నయ్య ఖాళీ మీదే ఉంది.

స్టూడియో మూడో అంతస్తులో ఉంది. గోడలకి తివాచీలు అంటించారు, లోపల మాట్లాడితే మాట నోటి దగ్గరే పడిపోతుంది. ఇంజినీరు ఒక యాభై ఏళ్ల ఆవిడ, కళ్లద్దాలు తాడు కట్టి మెడలో వేసుకుంది. టేపు పాతబడి జిగురెక్కిందనీ, ఎనిమిది గంటలు సన్నటి వేడిలో ఉంచితేగానీ తిరగలేదనీ చెప్పింది.

“నన్ను కూడా కాస్త వేడిలో పెట్టండి, మళ్లీ పాడతాను,” అన్నాడు అన్నయ్య. తనే నవ్వాడు. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుని, “చూడండమ్మా, అప్పట్లో కలిపినవాడికి పెద్దగా తెలియదు. రెండో గొంతు కాస్త ఎక్కువైంది. అది తగ్గించి నాది ముందుకి తీసుకురండి. జనం వినేది అదే కదా,” అన్నాడు.

రెండో గొంతు ఆయన పక్కనే కూర్చుని ఉంది, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని.

“ముందు అన్నయ్య గొంతు ఒక్కటీ వేయండి,” అన్నాను నేను తేనె పూసిన గొంతుతో. “మూడో పాట. మొదటి గొంతు విడిగా ఎంత బాగుంటుందో అందరం విందాం.”

ఇంజినీరు ఏదో నొక్కింది. ‘తలుపు తీసి ఉంచు’ వచ్చింది, అన్నయ్య ఒక్కడిదీ. మొదటి చరణం ఫరవాలేదు. రెండో చరణంలో శ్రుతి మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పాట పైకి వెళ్లే చోటు వచ్చింది. అక్కడ ఒక గుటక వినపడింది. అంతే. తాళంలో నాలుగు లెక్కల మేర నిశ్శబ్దం. మళ్లీ కిందికి దిగాక గొంతు హాయిగా తిరిగొచ్చింది, మధ్యలో ఏమీ జరగనట్టు.

“టేపు పాడైపోయింది,” అన్నాడు అన్నయ్య.

“టేపు బాగానే ఉందండీ,” అంది ఇంజినీరు.

“గుటక కూడా బాగా వినపడింది,” అన్నాను. “నగరం మొత్తం ఏడ్చిందన్నావు, నీళ్లు మింగినట్టుందే.”

అన్నయ్య కోటు గుండీ పెట్టి తీసి, పెట్టి తీసి చేశాడు. నోటుపుస్తకం తెరిచి ఆయన పేరు మీద మొదటి సున్నా చుట్టాను. మిగతా పాటలు కూడా వేయించాను. ఎక్కడ పాట పైకెళ్తే అక్కడ ఆయన మాయం. ప్రతి చోటా ఒక సున్నా. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇరవై మూడు దాకా వచ్చాయి. వదిన నా చెయ్యి పట్టుకుని, “ఇంక చాల్లే. నాది వేయించు,” అంది.

“ఒక్క నిమిషం వదినా. ముందు నాది వేయమంటాను. తేడా ఏమిటో ఈయనకి తెలియాలి.”

“నీది వద్దులే,” అంది వదిన. “నాది వేయించు ముందు.”

అక్కడైనా ఆగాల్సింది. ఆమె ఒక మాట రెండుసార్లు అనే మనిషి కాదు. కానీ నేను మంచి ఊపు మీద ఉన్నాను. “వేయండి,” అన్నాను ఇంజినీరుతో. “మూడో గొంతు. అదే పాట.”

నా గొంతు వచ్చింది. ఎక్కం అప్పజెప్పినట్టు, గట్టిగా, శుభ్రంగా. నేను కాలు మీద కాలు వేసుకున్నాను. వరస ఆగింది. మళ్లీ ఎత్తుకోవడానికి నాలుగు లెక్కలు ఖాళీ. ఆ ఖాళీలో, నా మైకులో, చాలా సన్నగా, పెదవులు మూసుకుని ఎవరో “మ్” అన్నారు. నేను ఎత్తుకోబోయే స్వరమే అది. వెంటనే నేను ఆ స్వరం మీదకి తిన్నగా వెళ్లి కూర్చున్నాను.

“ఏమిటది?” అన్నాను.

ఇంజినీరు వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. “మీ పక్కన ఉన్నవాళ్లండీ. మధ్యలో అడ్డం లేనట్టుంది, మీ మైకులోకి వచ్చేసింది. మీకు స్వరం అందిస్తున్నారు.”

తర్వాతి ఖాళీలోనూ “మ్”. ఆ తర్వాతా “మ్”. ఒకచోట ఆ “మ్” రావడం ఒక్క పిసరు ఆలస్యమైంది, నేనూ ఒక్క పిసరు ఆలస్యంగానే ఎత్తుకున్నాను. గుంజకి కట్టిన మేకలా దాని వెనకే వెళ్లాను. ఇంకో పాట వేయమన్నాను. అందులోనూ అంతే. నలభై ఏళ్లు దాన్ని నేను నా తలలోంచి వచ్చే స్వరం అనుకున్నాను. అంత సన్నగా, అంత దగ్గరగా వినపడేది మరి.

అన్నయ్య ఇక ఊరుకుంటాడా. ఇంజినీరు వైపు తిరిగి, తీరిగ్గా, “మా చెల్లెలికి ఎవరూ స్వరం అందివ్వక్కర్లేదండీ. రేడియోలో కూడా చెప్పింది,” అన్నాడు. ఆయన జీవితంలో సరైన చోట సరైన స్వరం పలకడం నాకు తెలిసి అదే మొదటిసారి.

వదిన వైపు తిరిగాను. “నాకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను?”

“నాకు రావట్లేదని.”

“చెబితే వినేదానివా?” అంది వదిన. “ఊపిరాడట్లేదని అడ్డం తీయిస్తేనే వెక్కిరించావు కదా.” కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

ఇంజినీరు అడగకుండానే రెండో గొంతు వేసింది. వదిన చేతిసంచి పక్కన పెట్టి, వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది, ఎవరో పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

ఆ గొంతు గురించి నేను రాయలేను, నాకు లెక్కలే వచ్చు. చల్లగా ఉంది. తేలిగ్గా ఉంది. నాలుగు మాటలు పాడింది, ఆగింది. “మ్” అంది నాకోసం. మళ్లీ తన వరస అందుకుంది. దర్జీ తొందరపడుతున్నట్టున్నాడు, తొడ మీద చేత్తో తాళం కొట్టి ఆయన్ని వెనక్కి లాగింది. మళ్లీ తన వరస. అక్కడ పాట పైకి వెళ్లింది, ఎగిరి అన్నయ్య స్వరం పట్టుకుంది, ఆయన తేరుకున్నాక దిగొచ్చింది. మళ్లీ “మ్”.

“ఈ ఒక్క ట్రాకులో నలుగురూ ఉన్నారండీ,” అంది ఇంజినీరు.

“నా వరస ముక్కలు ముక్కలుగా ఉంది,” అంది వదిన. “మొత్తంగా ఉన్న పాట వేయండి.”

ఇంజినీరు ఒక్కో పాటా వేసింది. ఒకటి, రెండు, నాలుగు, ఐదు, అలా. వదిన ప్రతి పాటకీ ముందుకి వంగి వినేది. వరస తెగిన చోట వెనక్కి వాలి, “ఇది కాదు,” అనేది. అన్నయ్య కోసం తెగిన చోట్లకి ఆయన పేరు మీద సున్నాలు ముందే ఉన్నాయి. నా కోసం తెగినప్పుడు పెన్ను ఆగింది. వదిన నా వైపు చూడటం లేదు. అయినా కొత్త పేజీ తీసి, పైన నా పేరు రాసి, చుట్టడం మొదలుపెట్టాను. దర్జీకి ఆరు. అన్నయ్యకి ఇరవై మూడే. నాకు ఎనిమిది పాటలకే ముప్పై దాటాయి. ఎవరో పిల్లాడి పేపరు దిద్దుతున్నట్టు అంతే శ్రద్ధగా చుట్టాను, ఇంకేం చేయాలో తెలియక.

“పన్నెండింట్లో ఒక్కటైనా నాకోసం పాడుకోలేదా నేను?” అంది వదిన. ఆ రాపిడి గొంతులో మొదటిసారి కోపం విన్నాను. అది మా ఎవరి మీదా కాదు, తన మీదే.

“తొమ్మిదోది ఉందండీ,” అంది ఇంజినీరు. “నెమ్మదైన పాట. పైకి వెళ్లనిది ఇదొక్కటే. అది మొత్తంగా ఉండొచ్చు.”

‘తడిసిన గొడుగు’. అన్నయ్యకి కష్టమైన స్వరం ఒక్కటీ లేని పాట, దర్జీ తొందరపడటానికి వీల్లేని పాట. వదిన గొంతు మొదలైంది. మొదటి చరణం పూర్తయింది, తెగలేదు. రెండోది. వదిన కళ్లు మూసుకుంది. విడిగా వింటే తెలిసింది, మా వరసలన్నిట్లోకీ అందమైనది ఆమెదే. జనం కూనిరాగం తీయాల్సింది అది. మూడో చరణంలో ఒక పొడుగు స్వరం ఉంది. గాలిలో నిలబెట్టినట్టు నిలబెట్టింది దాన్ని. నేను లోపల్లోపల లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకో నాలుగు నిలబెడితే పాట ఒడ్డున పడుతుంది.

అక్కడ తెగింది. “మ్.”

నేను ఎత్తుకోవాల్సిన చోటు అది. పాట మొత్తంలో ఆ ఒక్కచోటే. నాలుగు లెక్కలు నాకిచ్చి, ఊపిరి తీసుకుని, మళ్లీ తన చివరి మాటలు పాడి ముగించింది.

వదిన కళ్లు తెరిచింది. “బాగుంది,” అంది. “దాదాపు ఉంది.”

ఆ ‘దాదాపు’ నేను భరించలేకపోయాను. లేచి నిలబడ్డాను. “ఆ నాలుగు లెక్కలు నేను పాడి పెడతాను. ఒక్క స్వరమే కదా. అతికించండి,” అన్నాను. ఇంజినీరు వదిన వైపు చూసింది. వదిన సరే అన్నట్టు తలూపింది.

అద్దానికి అవతల గదిలో నిలబడ్డాను. చెవులకి ఫోన్లు తగిలించారు. ఎదురుగా అద్దంలోంచి అన్నయ్యా వదినా కనపడుతున్నారు. వదిన గొంతు నా రెండు చెవుల్లోకి వచ్చింది. పొడుగు స్వరం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ నేనందుకోవాలి. అక్కడే “మ్” వినపడింది, నేను నోరు తెరిచాను.

“మేడమ్,” అంది ఇంజినీరు మైకులో. “అది మీ వరస. ఆవిడది కాదు.”

రెండోసారి. వదిన స్వరాన్ని పళ్లతో పట్టుకున్నట్టు పట్టుకున్నాను. “మ్” రాగానే అది జారిపోయి, మళ్లీ నా స్వరమే పాడాను. మూడోసారీ అంతే. ఆ “మ్” తీసేసి వేయమన్నాను. ఇంజినీరు తీసేసింది. ఈసారి నాలుగు లెక్కల నిశ్శబ్దం వచ్చింది. అప్పటిదాకా నాలుగుసార్లు విన్న స్వరమే, తలలో వెతికాను. లేదు. ఏదో పాడాను. పైదీ కాదు, కిందదీ కాదు. అద్దానికి అవతల అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన కూడా నవ్వలేదంటే ఎలా పాడానో అర్థం చేసుకోండి.

“నాకు స్వరం అందివ్వండి,” అన్నాను మైకులో.

జన్మలో మొదటిసారి అడిగాను. అడిగింది ఇంజినీర్ని. కానీ అద్దానికి అవతల వదిన లేచి, బల్ల మీది మైకు దగ్గరికి వంగింది. నా చెవుల్లో కాగితం మీద కాగితం రుద్దిన చప్పుడు వచ్చింది. ఊపిరి వచ్చింది. స్వరం లేదు. ఆమె మళ్లీ ప్రయత్నించింది. గొంతు నరాలు ఉబ్బడం అద్దంలోంచి కనపడింది. రెండోసారీ గాలే వచ్చింది.

నేను ఫోన్లు తీసి మైకు మీద తగిలించాను. వదిన చేత్తో ‘ఇంక చాలు’ అని సైగ చేసింది.

కొత్త రికార్డు ఆ నెల్లోనే వచ్చింది. వదిన ఒకటే అడిగింది, తొమ్మిదో పాటలో రెండో గొంతు పైకి పెట్టమని. అన్నయ్య నోరెత్తలేదు. ఆ పొడుగు స్వరం ఇప్పుడు అందరికీ వినపడుతుంది, అది తెగిన చోటు కూడా వినపడుతుంది. మఫ్లరాయన పోయాడుగానీ ఆయన బాపతు వాళ్లు పోలేదు. ఒకడు అప్పుడే రాసేశాడు, ఆ ఖాళీలో ఏదో కాలం ఆగిపోయిందట. అన్నయ్య ఆ ముక్క కత్తిరించి, పాతదాని పక్కనే పర్సులో పెట్టుకున్నాడు. మొన్న మా ఇంట్లో ఎవరితోనో అంటున్నాడు, “అదీ నేను కావాలనే పెట్టాను. ధైర్యం కావాలి దానికి” అని. వదిన కప్పులు కడుగుతోంది. నేను ఎర్ర పెన్ను కోసం చూడలేదు.

“అది నువ్వు పెట్టింది కాదు అన్నయ్యా,” అన్నాను. “నాది.”